పాడు

మీ ఊళ్లో పాడంటే చెడిపోవడం.
మా పులికాట్ ఒడ్డున పాడంటే వంతు.
ఏ రోజు ఎవరి వల ఏ నీటి మీద పడాలో
కుండలోని చీటీ చెప్పాలి.
ఆ లెక్క పుస్తకం మా తాతది, తర్వాత మా నాయనది,
ఇప్పుడు నా పెట్టెలో ఉంది:
తడిసి ఆరిన అట్ట,
నడిమి పేజీలో ఎండిన రొయ్య మీసం,
డెబ్బై రెండు పేర్లు.

సముద్రం లోపలికొచ్చే నోట్లో ఇసుక మేట వేసింది.
పాడు వచ్చినా రొయ్య రాని రోజులు పెరిగాక
తడ వైపు నుంచి కార్లు రాసాగాయి.
రాజహంసలేవీ, ఎక్కడ,
ఇంకొంచెం దగ్గరికి పోనీ, ఇంకొంచెం.

పోనిచ్చాను. దాచను.
ఇంజను మొత్తం తెరిచి
తెడ్డుతో పడవ అంచు మీద బాది
మడుగు మడుగంతా గులాబి రంగుగా లేపాను.
అయిదొందలు పైన ఇచ్చాడాయన.
ఆ నోటు ఆ రాత్రికే అయిపోయింది.
పక్షులు ఆ ఏడు మళ్లీ మా వైపు దిగలేదు.

దసరా వెళ్లాక వలల షెడ్డులో ఊరు కూర్చుంది.
షికారు పడవలకీ పాడు వెయ్యాలన్నాడు దేసప్ప.
టికెట్టులో మూడో వంతు మేట తవ్వే కూలికన్నారు.
పక్షి మేసే చోటికి ఇంజను పోగూడదన్నారు.
అన్నిటికీ సరే.
మరి ఇంజను లేకుండా, మోకాటి బురదలో,
మనుషుల్ని నడిపించుకుపోయే దారి ఎవరికి తెలుసు?
డెబ్బై రెండు తలల్లో ఒక్కటీ లేవలేదు.

గుమ్మం బయట, పీతల బుట్ట పక్కన
మానికల చెంగాలు కూచోనుంది.
అమ్ముకోడానికొచ్చింది, మీటింగుకి కాదు.
చేత్తో తడిమి రొయ్య పట్టే యానాదులకి
మా పుస్తకంలో ఏనాడూ గడి లేదు.
"నాకు తెలుసయ్యా," అంది.
"నా కాలికి తెలుసు."

రెండు రాత్రులు నడిచింది ఆ తగువు.
"ఇయ్యాల షికారుకి గడి ఇస్తే
రేపు రొయ్యకీ అడుగుతాది," అన్నాడొకడు.
"అడగతా," అంది చెంగాలు,
బుట్టలోంచి పాకిన పీతని మళ్లీ లోపలికి తోసి.

నిన్న ఆమె పాడు.
తిరుపతి నుంచి బ్యాంకు వాళ్లు తొమ్మిది మంది,
ప్యాంట్లు మోకాళ్ల పైకి మడిచి,
ఆమె కాలు తీసిన గుంటలోనే కాలు పెడుతూ.
చేతికొక సంచి.
నీళ్లడుగున తెగిపడిన నైలాను వల
ఎక్కడ పాదానికి చుట్టుకుంటే అక్కడ
వంగి లాగాలి, అదీ ఒప్పందం.
పడవ దగ్గర కాపలా ఉండి
వాళ్లు తెచ్చిన వలలు నేను విడదీశాను.
కొన్ని మావే.
ముడి చూస్తే తెలియదా,
అది మా నాయన వేసే ముడి.

ఒకాయన అడిగాడంట:
"ఒక్కసారి చప్పట్లు కొట్టమ్మా, ఎగిరితే చూస్తాం."
"తింటా ఉండాయి," అందంట.
"నువ్వు తినేటప్పుడు నేనొచ్చి కొట్టానా?"
ఆయన నవ్వలేదు, కోప్పడలేదు కూడా.
తిరిగొచ్చి బురద కాళ్లతో అలాగే
చాలాసేపు పడవ అంచున కూచున్నాడు.

రాత్రి పుస్తకం తెరిచాను.
పేజీలో చోటు లేదు, అంచున రాశాను.
చదువు రాని చెంగాలు
"ఏదయ్యా నాది?" అని వేలు పెట్టింది.
సిరా ఆరలేదేమో,
పేరులో సగం ఆమె వేలికి పోయింది.
మళ్లీ రాశాను.

రొయ్య పాడు వచ్చే నెల.
చీటీలు ఎన్నో ఊరింకా తేల్చలేదు.
కుండ కడిగి బోర్లించాను.
ఒక తెల్ల కాగితం తీసి
డెబ్బై మూడు ముక్కలకి మడిచి చూస్తున్నాను,
ఎటు మడిచినా
సమంగా రావడం లేదు.