ఆరో బొమ్మ

బ్రాడ్‌వేలో నాది కళ్లద్దాల కొట్టు.
పదహారేళ్ల కిందట ఒకాయన
బైఫోకల్స్‌కి డబ్బు చాలక
చుట్టగా చుట్టిన కాగితం బల్ల మీద పెట్టి
"వచ్చే నెల విడిపించుకుంటా" అన్నాడు.
రాలేదు.

విప్పితే గాడిద.
ఉప్పుమూట మోస్తున్న నీలం గాడిద.
దాని చెవి పసుపు మాత్రం
గీత దాటి వెంట్రుకవాసి బయటకొచ్చి
గాలిలో నిలబడి ఉంది.
కింద పెన్సిల్‌తో: దేవసహాయం, 11/40.

అలవాటు కొద్దీ భూతద్దం పెట్టాను.
క్యాలెండర్ బొమ్మల్లోలా చుక్కలు లేవు.
రాతి గరుకు ఉంది.
ఆ గరుకు మీద మైనపుకడ్డీ తడబడిన జాడ ఉంది.

"నలభై ఉంటే ఒరిజినల్ ఎట్లా సార్?"
అన్నాడు కొట్లో కుర్రాడు సెల్వం.
ఒకే పవరు అద్దాలు వందమంది పెట్టుకుంటారు,
ఎవరి చూపు వాళ్లదే కదరా అన్నాను.
వాడికి నచ్చలేదు. నాక్కూడా పూర్తిగా కాదు.

అప్పట్నుంచీ పట్టుకుంది ఈ పిచ్చి.
మైలాపూరులో పోయిన డాక్టరుగారి మేడగది,
పురసవాక్కంలో పాతపేపర్ల కొట్టు.
తూకానికి పోబోతున్న 'ఐసుగడ్డల బండి'ని
కిలో ఏడు రూపాయల లెక్కన కాపాడాను.
'రేవులో వాన'కి మాత్రం
మా ఆవిడ గాజుల జత వెళ్లింది.
ఆవిడ ఇప్పటికీ ఆ బొమ్మని
"నా గాజులు" అనే పిలుస్తుంది,
దుమ్ము తనే తుడుస్తుంది.

ఆరింటిలో అయిదు దొరికాయి.
ఆరోది ఏ బొమ్మో చెప్పేవాళ్లే లేరు.

అచ్చువేసిన మునిరత్నం ఇల్లు
రాయపురం పట్టాల అవతల అని విని
మొన్న ఆదివారం వెళ్లాను.
ఆయన లేడు. కన్నియమ్మ ఉంది,
పెరట్లో బట్టలుతుకుతూ.

"కాగితాలా? చెదలు తిన్నాయి.
రాళ్లంటావా, అచ్చయ్యాక ఇసక పోసి అరగదీసేవారు,
ఒక బొమ్మ పోతేనే గదా ఇంకోటి.
ఈ ఆఖరిదానికి ఓపిక లేకపోయింది"
అంటూ చీర తీసి పక్కన పడేసి
చెంబుడు నీళ్లు కుమ్మరించింది.

తడి పాకినంత మేరా పాకింది,
ముప్పై ఏళ్ల సబ్బుకి లొంగని జిడ్డు దగ్గర ఆగింది.
ఆగినచోట
ఒక ఆడమనిషి వంగి ఉంది
కుడిఎడమలు తారుమారై,
ఏదో ఉతుకుతూనో, ఏరుతూనో.
అద్దాలు తుడుచుకుని మళ్లీ చూసేలోగా
ఎండకి రాయి ఆరిపోయింది.

"ఇది నీలం వేసిన రాయా, పసుపుదా?"
"బట్టల రాయి" అంది.

వెల అడుగుదామని జేబులో చెయ్యి పెట్టాను.
ఇంకో చెంబు పోస్తారా
అని మాత్రం అడగగలిగాను.