పదిహేడో సంచి

గుణుపురం దాటాక బస్సు దిగి
గంటన్నర కొండెక్కితే
ఒక్కసారిగా పసుపు.
వలిసె చేలు.
ఇక్కడ వాటిని అలసి అంటారు.
మొదటిసారి విన్నప్పుడు నా తెలుగు చెవి
ఎవరు అలసి ఎక్కడ కూలబడ్డారోనని వెతికింది.

నా పని పైకి చెప్పుకోడానికి సిగ్గేస్తుంది.
గజం చదరానికి తాడు కట్టి
పది నిమిషాలు కదలకుండా కూర్చుని
ఏ పువ్వు మీద ఎవరు వాలారో రాసుకోవడం.
జుంటీగ, నాలుగు.
కొండ తేనెటీగ, ఒకటి, తొందరలో ఉంది.
పేరు తెలియని నల్ల ఒంటరీగ,
కాళ్ళకి పుప్పొడి మేజోళ్ళు.
గట్టు అవతల పత్తి.
అక్కడ మందు కొట్టిన మర్నాడు
నా గళ్ళలో వరసగా సున్నాలు.
సున్నా రాయడానికి కూడా
పది నిమిషాలూ కూర్చోవాలి.

ఇరవై నాలుగు మొగ్గలకి
దోమతెర గుడ్డతో సంచులు కుట్టి కట్టాను,
ఈగ రాకపోతే ఏమవుతుందో చూద్దామని.
చేను సుంబారిది. సుంబారి సబర.
కొడవలి నడుముకి దోపుకుని వచ్చి
సగం ఒడియా, సగం పర్లాకిమిడి సంత తెలుగులో
"పువ్వుకి ముసుగేటి? పెళ్ళికూతురా, పీనుగా?" అంది.
జవాబు లేదు నా దగ్గర.
ప్రశ్నని నోటుబుక్కు అట్ట లోపల రాసుకున్నాను.

మార్గశిరంలో కోత.
సంచులు విప్పి ఒక్కొక్కటే లెక్కపెట్టి
ఆమె చేటలో పోశాను.
రెండుసార్లు చెరిగింది.
తాలు, అంతా తాలు.
నా ఏడాది కష్టాన్ని గాలి ఎగరేసుకుపోతుంటే
లోపల్లోపల సంతోషపడ్డాను, అదే నా ఫలితం గనక.
"ఈ ముక్క నన్నడిగితే సెప్పనా?" అంది సుంబారి.
తర్వాత వేళ్ళు మడిచి లెక్క కట్టింది.
ఇరవై నాలుగు పువ్వులు, పువ్వుకి ఇరవై గింజలు.
నువ్వు నాకు బాకీ.

పదిహేడో సంచిలో మాత్రం ఏడు గింజలు,
నల్లగా, నిగనిగలాడుతూ.
తిరగేసి చూస్తే కుట్టు పక్కన చిరుగు,
చిటికెన వేలి గోరంత.
ఎవరో దూరారు.
పక్క పువ్వు పొడి ఒంటికి పూసుకుని వచ్చి,
పని చేసుకుని, వచ్చిన దారి వెతుక్కుని పోయారు.
నేను చూడని పది నిమిషాల్లో.

పద్ధతి ప్రకారం పదిహేడుని కొట్టెయ్యాలి.
కొట్టేశాను.
పట్టికలో ఇరవై మూడే ఉన్నాయి, చూసుకోవచ్చు.

సుంబారి ఆ ఏడూ ఏరి
కొంగు చివర ముడేసుకుంది.
"ఇవి తగ్గించుకో" అంది.

తగ్గించుకున్నాను.
నాలుగువందల డెబ్బై మూడు
ఇంకా ఇచ్చుకోవాలి.