చెల్లు

ఎన్నూరు పోయే బస్సులో కండక్టరు
మా స్టాపు అసలు పేరు పలకడు.
కార్పొరేషన్ రాయించిన పొడుగాటి పేరు బోర్డు మీదుంది,
సగం ఉప్పుగాలి తినేసింది.
"చెల్లు! చెల్లు ఎరంగు!"
అంటాడు, విజిల్ పంటికింద పెట్టుకునే.

కొత్తవాళ్లు దాన్ని అరవంలో విని
పొమ్మంటున్నాడేమో అనుకుంటారు.
మా మేనకోడలైతే సెల్లుఫోను అనుకుంది, కొన్నాళ్లు.

అది దేశమ్మ మాట.
గూడూరు అవతల నుంచి
ఒక తక్కెడ, రెండు చీరలు పట్టుకొచ్చిన దేశమ్మ.
బియ్యం, బెల్లం, కిరసనాయిలు, అరువు.
ఎక్కువగా అరువే.
కాగితం చెమ్మకు ఆగదని
ఒడ్డున బోర్లించిన పాత పడవ అడుగున
తారులో ముంచిన చీపురుపుల్లతో లెక్క రాసేది.
అక్షరాలు రావు.
మనిషికో చేప బొమ్మ,
రూపాయికో ముల్లు.
మా తాతది కానాగంత.
ఆ ఏటికి దానికి పంతొమ్మిది ముళ్లు.

ఆ ఏడు వలలు ఉత్తివే వచ్చాయి.
మగవాళ్లు కొట్టు ముందు నుంచి నడవలేక
రైలుకట్ట చుట్టి ఇళ్లకు చేరేవాళ్లు.
కార్తీకంలో ఒక రాత్రి
సముద్రం వీధిలోకొచ్చి, గిన్నెలన్నీ కదిలించి పోయింది.
తెల్లారేసరికి పడవ లేదు.
రాసిన చేపలన్నీ నీళ్లలో పడ్డాయి.

దేశమ్మ మోకాటిలోతు నీళ్లలో నిలబడి
జుట్టు ముడేసుకుంది.
"చెల్లు" అంది.
పోయి మానిక కడుక్కుంది.

వారానికి మా తాత ఏడు రూపాయలు పట్టుకెళితే
"ఏ చేప?" అందట.
బతికినన్నాళ్లూ తాత
తిన్న ముళ్లు కంచం అంచున వరసగా పేర్చేవాడు.
పంతొమ్మిది కాగానే లేచి చెయ్యి కడిగేవాడు,
కూర మిగిలినా సరే.

ఊరంతా సముద్రమే మాఫీ చేసిందంటుంది.
కాత్తాన్ ఒక్కడే ఒప్పుకోడు.
తొంభై దాటాడు, ఇంకా వల కుడతాడు.
తెగిన తాడుకి కొసన పీచు లేస్తుంది గదా అంటాడు.
ఆ పొద్దున గుంజ దగ్గర తాడు
నీటుగా చుట్ట చుట్టి ఉందట.

ఎవరు విప్పారంటే
సూదిలోకి దారం ఎక్కిస్తూ కూర్చుంటాడు.

అతనిది పండుగొప్ప.
నలభై రెండు ముళ్లు.