గట్టు మీది కైకిలోళ్లు

నాట్లయినంక మూడెకరాల గట్లకు
నువ్వులు జల్లుతుంటే
పడమటి మడి జానయ్య నవ్విండు:
"వరి ఇడిచి గానుగ పెడ్తవా, సైదమ్మా?"

నేనేమనలే.
నిరుడు నాలుగుసార్లు కొట్టిన మందు
ఇంకా నా నాలిక మీద చేదుగనే ఉంది.
ఎడమ కాల్వ నీళ్లకు పైరు నల్లగ లేసింది,
పొట్టకొచ్చే యాళ్లకు దోమ దిగింది.
మడి నడుమ తాంబాళమంత సుడి,
తెల్లారి బండిచక్రమంత,
ఐదోనాటికి కొలవబుద్ధి కాలే.
హాలియా దుకాణంల నా చిట్టీ ఒక్కటే
పచ్చగ మిగిలింది.

ధైర్యం చేసి కాదు,
మందుకు అప్పు పుట్టకనే నువ్వులు జల్లిన.

నలభై దినాలకు పూత.
తెల్లగ, అంచుకు ఇంత ఊద,
ఊదితే రాలే పూలు.
ఏఈఓ పిల్ల బురదల మోకాళ్లూని
"అక్కా, గిటు చూడు" అన్నది.
ఏం చూడాలె?
అద్దాలు తీసి, కొంగుతోని తుడిచి, మళ్ల పెట్టుకున్న.
నువ్వుగింజల సగం లేని ఈగ!
పూల మీద చుక్క తేనె తాగి
వరి దంటు మీదికి దిగి
లోపల దోమ దాచిన గుడ్లను ఎతికి
అండ్లనే తన గుడ్డు పెడ్తదట.
అంత చిన్న పానంల అంత పగ!
నవ్వొచ్చింది. జర భయమూ అయింది.

పిలువకుండనే వచ్చిన కైకిలోళ్లు.
సద్ది తేలే, కూలి అడగలే,
పొద్దుగూకినా ఇంటికి పోలే.

ఎంగిలిపూల నాడు కోడలు జయప్రద
గంప పట్టుకొని గట్టు మీది బంతికొచ్చింది.
"సగం ఇడిచిపెట్టు" అన్న.
"బతుకమ్మకు తక్కువ చేస్తమా అత్తా?"
"వాళ్ల పని ఇంకా ఒడవలేదు బిడ్డా."
మా బతుకమ్మ ఈయేడు
ఒక వరుస పొట్టిది.

మూడోనాడు జానయ్య పంపు ఎత్తుకున్నడు.
పడమటి గాలి.
మందు తెల్లగ పొగలెక్క
మా నువ్వుల దిక్కే వస్తుంది.
అరిస్తే మోటరు చప్పుడుకు వినవడలే.
కోడలూ నేనూ పాత చీర తడిపి
చెరో కొస పట్టుకొని
గట్టు మీద అడ్డం నిలవడ్డం.
చేతులు గుంజుతున్నయి,
చీర గాలికి ఉబ్బి మమ్ముల నూకుతుంది.
మూడెకరాలకు ఒక్క చీర ఏమాగుతదని
మాకూ ఎరుకే.

జానయ్య చూసిండు.
చాలాసేపు చూసిండు.
మోటరు బందుపెట్టి, పంపు దించి,
గాలి మర్లేదాక
గట్టు మీద కూసున్నడు,
ఒక నువ్వుపువ్వును వేలితోని వంచి
లోపలికి తొంగిచూసుకుంట.