పక్క వరస కాయ

గొట్టాల సంగతి నాకు తెలుసు.
గుడిపాల రోడ్డులో పల్పు ఫ్యాక్టరీలో
పదకొండు సీజన్లు చేసినదాన్ని.
బెంగుళూరా గుజ్జు ఏ వంపులో గడ్డకట్టిందో
స్టీలు మీద చెవి పెట్టి చెప్తాను.
అందుకే "ట్యూబులు మూసుకున్నాయేమో చూద్దాం" అంటే
వేణ్ణీళ్లు, సోడా, కాస్త ప్రెషరు, అంతే అనుకున్నా.

చిత్తూరులో, మేడమీద ఎక్స్‌రే గది.
మందు ఎక్కిస్తుంటే పొత్తికడుపు మెలిపెట్టింది.
అమ్మా అనలేదు,
"ధనశేఖరా!" అని మొగుణ్ణి తిట్టాను.
ఆయమ్మ మొహం తిప్పుకుని నవ్వింది.

తెర మీద మూడు మూలల తెల్లటి మచ్చ, నా గర్భసంచంట.
కుడిపక్క దారప్పోగంత గీత
వంకర్లు తిరిగి తిరిగి, చివర వెడల్పై,
పొగలా చెదిరింది.
ఎడమ గీత మొదట్లోనే ఆగిపోయింది.

గీర్వాణి డాక్టరమ్మ ఫిల్ముని దీపానికి పట్టింది.
"గొట్టం అనుకోబాకు రెడ్డెమ్మా.
దీనికి పంపు లేదు, వాలు లేదు.
లోపలంతా కంటికానని నూగు,
గాలికి కొర్రచేను ఊగినట్టు ఒకే దిక్కుకి ఊగతా
అండాన్ని మెల్లిగా నెట్టుకొస్తుంది.
చివర్న ఉండేవి వేళ్లు.
అండాశయానికి అతుక్కోవు, ఊరికే దగ్గర్లో ఉంటాయి.
అండం బయటపడిన దినం
తడుముకుంటా పోయి పట్టుకుంటాయి.
కలిసేది గర్భసంచిలో కాదు,
ఇదిగో, ఈ వెడల్పులో.
మూడు నాలుగు దినాలు ఇక్కడే పెట్టుకుని
అప్పుడు పంపిస్తుంది ఇంటికి."

జానెడు కూడా లేదు.
మా అత్త ఇన్నేళ్లూ నా కడుపునే తిట్టింది.
ఇంటి ముందర ఇట్లాంటి సందొకటి ఉందని
ఆమెకేం తెలుసు.
నాకు మాత్రం?

"ఎడమ పక్కనే అండం పడిన నెల?" అడిగాను.
ఆమె వెంటనే చెప్పలేదు.
"ఒక్కోసారి కుడి వేళ్లే అంతదూరం పోతాయి.
ప్రతిసారీ అని మాటివ్వలేను."

రాత్రి షిఫ్టుకే పోయినా.
గేటు బయట లారీల వరస.
బెల్టుకి అవతల షంషాద్, ఇవతల నేను,
పుచ్చులు ఏరి పారేసే పని.
ఆమె వేలికి గుడ్డకట్టు, పొద్దున కత్తి తగిలిందంట.
ఆమె వరసలో కాయ ఒకటి దాటిపోతోంది.
ఎవరూ చెప్పలా.
నా కుడిచెయ్యి సాగి, వంగి,
బెల్టు దాటి
పట్టుకుంది.

అట్లే నిలబడినా.
సూపరువైజరు అరస్తానే ఉన్నాడు.
తొడిమ కాడ సొన ఇంకా కారతా ఉంది,
వేళ్ల సందున మంట.