రెండు నిలువుల నీళ్లు

అద్దం లోపల ఉమ్మి రుద్దమన్నాడు క్రిసాంతో,
ఆవిరి పట్టదట.
ఇంజను ఆపాక
పలవాన్ సముద్రం ఒక్కసారిగా
గోరువెచ్చని నిశ్శబ్దం.

మొహం ముంచితే చాలు.
రెండు నిలువుల లోతున
పక్కకి ఒత్తిగిలి పడుకున్న ఓడ.
ఒకప్పుడు కొబ్బరి కురిడీలు మోసేదట.
ఇప్పుడు దాని పక్కటెముకల సందుల్లోంచి
పసుపుపచ్చ చేపలు
బడి వదిలినట్టు బయటపడుతున్నాయి.
గొట్టంలో నా ఊపిరి నాకే
ఎవరో పక్కన గురకపెడుతున్నట్టుంది.

క్లిక్. తుప్పు మీద ఊదారంగు పగడం.
క్లిక్. డెక్కు మీద ఎండ విసిరిన వల.
క్లిక్. నా వేలే, లెన్సుకి అడ్డం.

అతను మాస్కు కూడా లేకుండా దూకి
నా కిందుగా ఈది
ఓ కిటికీ దగ్గర ఆగాడు.
ఇది, ఇది తియ్యి, అని వేలు.
చూస్తే ఏముంది,
చదరపు చీకటి.
గోడకి అతుక్కున్నట్టు ఒరిగిన ఇనప పొయ్యి.
దాని మీద ఒక పీత.

పడవెక్కాక
తువ్వాలు కింద తెర పట్టుకుని కూర్చున్నాడు.
పగడాన్ని దాటేశాడు, చేపల్ని దాటేశాడు.
"మా నాన్న ఇందులో వంటవాడు.
మునిగిన రోజు ఒడ్డుకి ఈదొచ్చాడు గానీ
పొయ్యి మీద అన్నం వదిలేశానని
చచ్చేదాకా గొణిగాడు."

నవ్వాడు. నవ్వొచ్చో లేదో తెలీక
నేను కొంచెం ఆలస్యంగా.

పెద్దది చెయ్యమన్నాడు, ఇంకా పెద్దది.
గిన్నె కోసం
ఇద్దరం ఉప్పు కళ్లతో వెతికాం.
పీత కదిలినచోట బొమ్మ మసక.

"రేపు మళ్లీ వద్దాం" అన్నాడు,
"పడవ డబ్బులు వద్దులే."