లాకౌట్ ఇరుగూ పొరుగూ

గేటుకి అంటించిన కాగితం ఇంగ్లీషులో ఉంది.
బీ షిఫ్టు వాళ్లు కేరేజీలు చంకన పెట్టుకుని
అక్షరాలకేసి కాదు, కింద రబ్బరు స్టాంపుకేసి చూస్తున్నారు.
"సూరప్పడి గుంటని పిలండ్రా, తొమ్మిది సదువుతంది"
అన్నారెవరో.
ఆ గుంటని నేనే.

కూడబలుక్కుని చదివాను. లాకౌట్.
"అంటే ఏటమ్మా?"
తాళం తెలుసు. బయట తెలుసు.
రెండూ కలిస్తే ఏమవుతుందో తెలీదు.
ఇంటికి పరిగెత్తాను.

మా ఇంట్లో లావు పుస్తకం ఒక్కటే.
నెల్లిమర్ల పాతసామాన్ల కొట్లో
నాన్న నాకోసం తూకానికి కొన్న నిఘంటువు.
అట్ట లేదు, మొదటి అక్షరం సగం ఊడిపోయింది.
ఏ పేజీ తిప్పినా గోగునార ధూళి.

వేలు పెట్టి వెతుకుతుంటే ముందు లాకెట్ తగిలింది:
మెడగొలుసుకు వ్రేలాడు చిన్న భరిణె,
లోపల ప్రియమైనవారి పటముండును.
అమ్మ మెడలో పసుపుతాడు ఉంది.
సేటు బీరువాలో ఏముందో పుస్తకం రాయలేదు.

దాని కింద లాక్‌జా:
దవడలు బిగుసుకొనుట, ధనుర్వాతము.
అక్కడ వేలు ఆగిపోయింది.
బాబిన్ల దగ్గర తుప్పుమేకు గీసుకున్న తవిటయ్య మావ
ఎనిమిదో రోజుకి విల్లులా వంగిపోయాడు.
నీళ్లడగడానికి నోరు పెగల్లేదు.
మిల్లులో ఒక సూదిమందు ఉంచమనే కదా
సమ్మె మొదలైంది.
ఈ అక్షరాల వరస కట్టినవాడెవడో గానీ
మా వీధిని చూసే కట్టాడు.

అప్పుడు దొరికింది లాకౌట్:
పనివారు తన షరతులకు లోబడువరకు
యజమాని వారిని లోనికి రానీయకుండుట.

గేటు దగ్గర గట్టిగా చదివాను.
సద్దు లేదు.
నాన్నొక్కడే అడిగాడు:
"వరకు అంటే, ఎంతవరకు?"
అది ఇంగ్లీషు మాట కాదు.
ఏ పుస్తకంలో వెతకను?

ఆ పైన ఉన్న మాటలు ఆ రోజు చదవలేదు.
అవే వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి.
లాక్‌స్మిత్ అంటే మూడులాంతర్ల దగ్గర
నల్లగొడుగు కింద కూర్చునే ఖాదరు.
మావాళ్లు వెళ్లి బతిమాలితే నవ్వలేదు.
"గేటు తాళం తుమ్మేలోగా తీసీగలను బావూ,
ఆ కాగితానికి కన్నమేదీ?"
లాకప్‌లో నాన్న రెండు రాత్రులున్నాడు,
గుండీల్లేని చొక్కాతో వచ్చాడు,
ఎక్కడ పోయాయో చెప్పలేదు.
లోకోమోటివ్, సగం వీధిని
మూటలతో సహా లాక్కుపోయింది.
ఆ తర్వాత మిడత అని ఉంది. అది మాత్రం రాలేదు.
మేయడానికి మా దగ్గర పచ్చనిదేముంది?

చాన్నాళ్లకి తెలుగు నిఘంటువు తెరిచాను.
అక్కడా ఇరుగుపొరుగులే.
లోకం. కాస్త కిందన లోకువ.
అమ్మతో అంటే
చోడంబలి కలుపుతూ
"అది తెలడానికి పుస్తకమెందుకే" అంది.

ఆ పాత పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది.
గేటు దగ్గర్నించి వచ్చిన రాత్రి
నాన్న దీపం దగ్గరికి జరిగి
"ఆ వరకు ఎక్కడుందో సూపించు" అన్నాడు.
చూపించాను.
చదవడం రాని వేలు
ఆ మూడక్షరాల మీద చాలాసేపు ఉండిపోయింది.
మిషను నూనె, ఎన్నిసార్లు కడిగినా పోనిది,
కాగితంలోకి ఇంకి
వెనక వైపుకి దిగింది.

అక్కడున్న మాట లోన్.
దానికి అర్థం చూడక్కర్లేకపోయింది.